హెలికాప్టర్ ఉండగా కొండ మీదకు ఇరవై మంది ఎందుకు?

మీరు కొండల మధ్య ఉన్న ఊరికి కొత్తగా వచ్చి స్థిరపడ్డారనీ, అక్కడి స్వచ్ఛంద పర్వత రక్షక దళంలో చేరమని ఇరుగుపొరుగువారు అడుగుతున్నారనీ రాశారు. హెలికాప్టర్లు, డ్రోన్లు ఉన్న ఈ రోజుల్లో జీతం తీసుకోని ఇరవై ముప్పై మంది చేయగలిగేది ఏముంటుందని మీ సందేహం. నేను అలాంటి దళంలో పదకొండేళ్ళుగా ఉన్నాను కాబట్టి నా అనుభవంలోకి వచ్చినంతవరకు చెబుతాను.

హెలికాప్టర్ ప్రాణాలు కాపాడుతుంది, అందులో సందేహం లేదు. అది వచ్చిన రోజు మాకు గంటల తరబడి శ్రమ తప్పుతుంది. అయితే మేఘం కొండ నడుము దాకా దిగినప్పుడు, లోయలో గాలి సుడులు తిరుగుతున్నప్పుడు, పైలట్ ఎంత నేర్పరి అయినా దగ్గరకు రాలేడు. నేను చేరిన రెండో ఏట అలాంటి ఒక సాయంత్రం, వానలో కాలు జారి చీలమండ దగ్గర ఎముకలు విరగ్గొట్టుకున్న ఒక ట్రెక్కర్ కోసం పైకి వెళ్ళాము. హెలికాప్టర్ మోత మేఘం పైనుంచి రెండుసార్లు వినిపించింది, రెండుసార్లూ దూరమైపోయింది. అతను పడిన చోటి నుంచి అంబులెన్సు ఆగిన మట్టిరోడ్డు దాకా 3 కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త దూరానికి మాకు దాదాపు 5 గంటలు పట్టింది.

అంతసేపు ఎందుకు పడుతుందో తెలిస్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. స్ట్రెచర్‌ను ఒకేసారి ఆరుగురి నుంచి ఎనిమిది మంది దాకా పట్టుకుంటారు. మనిషి బరువు, అతన్ని చుట్టిన దుప్పట్లు, కాలికి కట్టిన బద్దలు, స్ట్రెచర్ అన్నీ కలిస్తే తేలికగా వంద కిలోలు అవుతుంది. చదునైన నేల మీద ఎనిమిది మందికి అదేమంత బరువు కాదు. తడిసిన రాళ్ళ మీద, ఒక పక్కకు వాలిపోయిన బాటలో మాత్రం మీ పాదం ఎక్కడ పడుతోందో మీకే కనిపించదు, ఎందుకంటే మీ కళ్ళకూ నేలకూ మధ్య స్ట్రెచర్ అడ్డం ఉంటుంది. అందుకని ముందు నడిచేవాడు "రాయి", "గుంట", "అడుగు కిందకి" అని చెబుతూ పోతాడు, వెనక ఉన్నవాళ్ళు అదే మాటను ఒకరి తర్వాత ఒకరు అందుకుంటారు. కొన్ని నిమిషాలకే వేళ్ళు పట్టు తప్పుతాయి కాబట్టి చేతులు మారుతూ ఉండాలి, అంటే మోసేవాళ్ళతో పాటు అలుపు తీర్చుకుంటూ పక్కన నడిచే ఇంకో జట్టు ఉండాలి. పెద్ద బండల మధ్య అడుగు వేయడమే కుదరని చోట ఎదురెదురుగా రెండు వరుసలుగా కూర్చుని స్ట్రెచర్‌ను చేతుల మీదుగా జరుపుతాము. అది తమను దాటిపోగానే వెనకవాళ్ళు లేచి, ముందుకు వెళ్ళి, వరుస కొసన మళ్ళీ కూర్చుంటారు. ఇరవై మంది అన్న లెక్క అలా వచ్చింది.

వాళ్ళలో ఒకరు ఏమీ మోయరు. గాయపడిన మనిషి తల పక్కనే నడుస్తూ, ముఖం చూస్తూ, మాట్లాడిస్తూ ఉండడమే ఆ ఒకరి పని. ఆ రాత్రి ఆ బాధ్యత మా దళంలోని ఒక ఉపాధ్యాయురాలిది. కూతురి చదువు గురించీ, ఇంట్లో పెంచుకుంటున్న కుక్క గురించీ అతన్ని దారి పొడవునా అడుగుతూనే ఉన్నారు. మాట ముద్దగా వస్తోందని మొదట పసిగట్టింది ఆవిడే. వెంటనే అందరినీ ఆపించి, అతని నెత్తి మీది తడి టోపీ తీసి పొడిది తొడిగించి, వేడి ప్యాక్‌లను బట్ట చుట్టి చంకల దగ్గర పెట్టించారు. కాలు విరిగినవాడు కాలి వల్ల చనిపోవడం అరుదు, చలి వల్ల చనిపోవడం మాత్రం కొండల్లో ఎవరికైనా జరగవచ్చు.

చలి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మా శిక్షణలో పెద్ద భాగం దానికే పోతుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కన్నా తగ్గిందంటే హైపోథెర్మియా మొదలైనట్టే. 28 డిగ్రీల కన్నా పడిపోయిన మనిషిని కాస్త గట్టిగా కుదిపినా గుండె లయ తప్పి ఆగిపోయే ప్రమాదం ఉంది, అందుకే అలాంటివారిని లేపి కూర్చోబెట్టకుండా, పడుకోబెట్టే, గాజు సామాను మోసినట్టు మోయాలి. ఇంకో సంగతి, చల్లబడి నాడి దొరకని మనిషిని చూసి, తిరిగి వేడెక్కించకముందే ప్రాణం పోయిందని తేల్చేయకూడదు. 1999లో నార్వేలో ఆనా బోగెన్‌హోల్మ్ అనే వైద్యురాలు స్కీయింగ్ చేస్తూ పడిపోయి, గడ్డకట్టిన వాగు కింద 80 నిమిషాలు చిక్కుకుపోయారు. ఆమె గుండె ఆగిపోయింది, శరీర ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు దిగిపోయింది, అయినా ఆసుపత్రిలో మెల్లగా వేడెక్కించాక ఆమె బతికారు. కొత్తగా చేరిన ప్రతివారికీ మేము ఈ సంగతి చెబుతాము.

మోసే తీరు మీద ఇంత పట్టింపు ఊరికే రాలేదు. ఇంగ్లండ్‌లోని లాడో రాక్స్ దగ్గర 1928లో ఒక పర్వతారోహకుడు పడి తొడ ఎముక విరిగింది. నొప్పి తగ్గించే మందు లేదు, సరైన స్ట్రెచర్ లేదు, దొరికినదాని మీదే పడుకోబెట్టి గంటల తరబడి మోసుకొచ్చారు. చివరికి కాలు తీసేయవలసి వచ్చింది. శస్త్రవైద్యుడు విల్సన్ హే, పడినప్పటి దెబ్బ కన్నా ఆ ప్రయాణమే ఎక్కువ కీడు చేసిందని నమ్మి, మంచి స్ట్రెచర్ కోసం, రక్షక దళాల చేతికి మార్ఫిన్ ఇవ్వడం కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. అనుమతి లేకపోయినా తానే దళాలకు మార్ఫిన్ అందించారు. 1949లో ప్రభుత్వం ఒప్పుకుంది. ముందు నొప్పి తగ్గించి, విరిగిన ఎముకను కదలకుండా కట్టి, ఆ తరువాతే మనిషిని కదపాలని ఈ రోజు మేము నేర్చుకునేది ఆ పోరాటం నుంచి మిగిలినదే.

తాళ్ళ పని గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. కొండ అంచు నుంచి దిగవలసి వచ్చినప్పుడు తాళ్ళు తప్పనిసరి, ఒకటి తెగినా రెండోది ఆపేలా కట్టడం కూడా నేర్పుతారు. కానీ అది ఏడాదిలో కొద్దిసార్లే అవసరపడే నైపుణ్యం.

మాకు వచ్చే పిలుపుల్లో చాలావాటికి శిఖరాలతో సంబంధమే ఉండదు. ఊళ్ళో ఒక పెద్దాయన మతిమరుపు జబ్బుతో సాయంత్రం ఇంట్లోంచి వెళ్ళి తిరిగి రాలేదు. మేము ఆరుగంటలు వెతికాము, పేరు పెట్టి పిలిచాము, ఆగి చెవులు రిక్కించి విన్నాము. తెల్లవారుజామున ఆయన ఇంటికి అరకిలోమీటరు దూరంలో, ముళ్ళపొద వెనక గుంటలో కూర్చుని కనిపించారు. మేము ఆ పొద పక్కనుంచే రెండుసార్లు నడిచి వెళ్ళాము! అలాంటి జబ్బు ఉన్నవారు ఏదో ఒకటి అడ్డుపడి కదలలేకపోయేదాకా నడుస్తూనే ఉంటారనీ, పిలిస్తే తరచు పలకరనీ మాకు పాఠంగా చెప్పే ఉన్నారు, అయినా ఆ రాత్రి మేము గొంతును నమ్ముకున్నాము, కళ్ళను నమ్ముకోలేదు. ఆయన ప్రాణాలతో ఉన్నారు, ఒక కాలికి చెప్పు లేదు, పాదం నీలంగా ఉంది. అప్పటి నుంచి పొద కనిపిస్తే చేతులతో విడదీసి లోపలికి లైటు వేసి చూడకుండా నేను ముందుకు కదలను. డ్రోన్‌లోని వేడిని పసిగట్టే కెమెరా విశాలమైన మైదానంలో బాగా పనికొస్తుంది, దట్టమైన ఆకుల కింద ఉన్న మనిషిని చూపలేకపోవచ్చు. గాలిలో కొట్టుకొచ్చే మనిషి వాసనను పట్టే శిక్షణ పొందిన కుక్క మాత్రం చీకటిలోనూ, పొదల్లోనూ ఇరవై మంది చేసే పని చేస్తుంది.

దారి తప్పినవారి ఫోన్‌కు ఒక లింకు పంపి, వాళ్ళు దాన్ని నొక్కితే ఎక్కడ ఉన్నారో తెలుసుకునే సౌకర్యం వచ్చాక కొన్ని వెతుకులాటలు నిమిషాల్లో ముగుస్తున్నాయి. సిగ్నల్ ఉంటేనే సుమా. లేనప్పుడు ఈలే దిక్కు. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు ఊదడం పర్వతాల్లో ఆపద సంకేతం, నిమిషానికి మూడుసార్లు బదులు వినిపిస్తే మిమ్మల్ని ఎవరో విన్నారని అర్థం. బడులకు వెళ్ళినప్పుడు పిల్లలకు మేము మొదట నేర్పేది ఇదే.

వరద వచ్చినా, మంచు కురిసి దారులు మూసుకుపోయినా, అంబులెన్సు వెళ్ళలేని ఇంట్లో ఎవరికైనా నొప్పులు మొదలైనా పిలుపు మాకే వస్తుంది. ఇక్కడే చిన్న సమాజంలో ఉండే బరువు తెలుస్తుంది. స్ట్రెచర్ మీద ఉన్నది ఒక్కోసారి మీకు రోజూ కనిపించే మనిషే అవుతాడు. ఎప్పుడైనా ప్రాణం లేని దేహాన్ని దించవలసి వస్తే, అప్పుడు కూడా బతికున్న మనిషిని మోసినంత జాగ్రత్తగానే మోస్తాము, కింద కుటుంబం చూస్తూ ఉంటుంది కాబట్టి మాత్రమే కాదు, ఎవరూ చూడని చోట కూడా అలాగే చేస్తాము. ఆ రోజు ఎవరూ నేరుగా ఇంటికి వెళ్ళరు. తడి తాళ్ళు ఆరవేసి, స్ట్రెచర్ కడిగి, కూర్చుని మాట్లాడుకుని వెళ్ళడం మా దళంలో నియమం. నా మొదటి ఏళ్ళలో ఈ నియమం లేదు, ఇద్దరు మంచి సభ్యులు ఎవరికీ ఏమీ చెప్పకుండా మెల్లగా రావడం మానేశారు. మీరు చేరబోయే దళంలో ఈ పద్ధతి ఉందో లేదో తప్పకుండా అడగండి.

చేరేముందు ఇంట్లోవారితోనూ, మీరు పనిచేసే చోట పైవారితోనూ మాట్లాడండి. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచేది మీరొక్కరే కారు, పిల్లలను చూసుకోవలసినవారు కూడా లేస్తారు. మర్నాడు మీరు ఆలస్యంగా వస్తే మీ పని ఇంకొకరు చేస్తారు. వాళ్ళు ఒప్పుకున్నందువల్లే దళం నడుస్తోంది. శారీరక దారుఢ్యం గురించి అంతగా దిగులుపడకండి, వేగంగా ఎక్కేవారికన్నా ఆరో గంటలో కూడా విసుక్కోకుండా చెప్పిన చోట నిలబడేవారు మాకు ఎక్కువ అవసరం.

మొదటి శిక్షణ రోజున మిమ్మల్నే స్ట్రెచర్‌లో కట్టి మోయమని అడగండి. నన్ను అలా మోశారు. చేతులు పట్టీల కింద ఉంటాయి, ముఖం మీద వాన పడితే తుడుచుకోలేరు, కనిపించేది ఆకాశమూ, మీ మీదకు వంగిన హెల్మెట్లూ మాత్రమే. ఎవరో "రాయి" అంటారు, ఆ రాయి మీకు కనిపించదు, ఒక్కసారి నడుము పక్కకు ఒరిగి మళ్ళీ సర్దుకుంటుంది. ఎవరి చెయ్యో మీ భుజం మీద పడి, ఇంకో నాలుగడుగుల్లో ఆపుతున్నామని చెబుతుంది. ఆ నాలుగు అడుగులను నేను లోపల లెక్కపెట్టుకున్నాను.