పాప ముందే ఎదుగుతోంది: లావు వల్లా, వంశం వల్లా?

మీ పాపకి 7 ఏళ్ల 10 నెలలని, బరువు 36 కిలోలని, ఛాతీ ఎదుగుతున్నట్టు ఉందని, మీరు కూడా పదకొండేళ్లకే పెద్దమనిషి అయ్యారని రాశారు. ఇది లావు వల్లా, వంశం వల్లా అని అడిగారు. నేను డాక్టర్ని కాదండి. మా అమ్మాయి విషయంలో ఇదే టెన్షన్ పడ్డదాన్ని కాబట్టి రాస్తున్నాను.

మా పాపకి ఎనిమిదిన్నరేళ్లప్పుడు స్నానం చేయిస్తుంటే గమనించాను. మొదట చూపించిన డాక్టర్ దూరం నుంచే చూసి, "ఒళ్లు చేసింది కదమ్మా, కొవ్వే" అని పంపేశారు. ఆ మాట పట్టుకుని నాలుగు నెలలు ఊరుకున్నాను. తర్వాత పిల్లల హార్మోన్ల డాక్టర్, అంటే పీడియాట్రిక్ ఎండోక్రినాలజిస్ట్, పాపని పడుకోబెట్టి చేత్తో చూశారు. కొవ్వయితే పడుకున్నప్పుడు మెత్తగా పరుచుకుపోతుంది. నిజంగా రొమ్ము మొదలైతే చనుమొన కింద చిన్న బిళ్లలా గట్టిగా తగులుతుంది, ముట్టుకుంటే నొప్పి అని కూడా అంటారు పిల్లలు. మా దానికి బిళ్లే తగిలింది. మీరు కూడా ముందు అది తేల్చుకోండి.

ఇక మీ ప్రశ్న. మాకు చెప్పిందాన్ని బట్టి రెండూ కారణమే, కాకపోతే వంశానిదే పెద్ద వాటా. ఒకే పోలిక కవలలు మామూలు కవలల కన్నా దగ్గర దగ్గర వయసులో ఈడేరతారు. తల్లి ఎప్పుడు పెద్దమనిషి అయిందని డాక్టర్లు ముందే అడిగేది అందుకే. మా అక్క కూతురు పుల్లలా ఉండేది, పదేళ్లకే అయింది. దానికి ఏ లావు కారణం?

మనవాళ్లు తల్లి వైపే చూస్తారు గానీ తండ్రి వైపు కూడా అడగాలి. యుక్తవయసు ముందే రాకుండా పట్టి ఉంచే ఎంకేఆర్ఎన్3 అనే జన్యువు ఒకటుంది. దాని సంగతి 2013లో బయటపడింది. అందులో తండ్రి నుంచి వచ్చిన కాపీ మాత్రమే పనిచేస్తుంది, తల్లిది నిద్రపోతూ ఉంటుంది. తండ్రి ఇచ్చిన దాంట్లో లోపం ఉంటే పిల్లలకి తొందరగా మొదలవుతుంది. అది అరుదే. అయినా డాక్టర్ మా ఆయన్ని గొంతు ఎప్పుడు మారిందని అడిగితే, ఆరో తరగతిలోనే అని సిగ్గుపడుతూ చెప్పారు. పెళ్లయిన పన్నెండేళ్లకి నాకు తెలిసిన కొత్త విషయం!

మరి లావు ఏం చేస్తుంది? ఒంట్లో కొవ్వు లెప్టిన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది. 1994లో కనిపెట్టారు దీన్ని. గాదెలో గింజలున్నాయని మెదడుకి కబురు పంపడం లాంటిది దాని పని. ఆ కబురు అందితేనే మెదడు యుక్తవయసు హార్మోన్లని కదిలిస్తుంది. పుట్టుకతోనే లెప్టిన్ లేని పిల్లలు కొందరుంటారు. వాళ్లు విపరీతంగా లావుంటారు, అయినా లెప్టిన్ ఇచ్చేదాకా ఈడేరరు. అంటే బరువు ఒక్కటే తలుపు తీయదు. కాకపోతే వంశంలో తొందరగా వచ్చే రకం ఉన్న ఆడపిల్లకి లావు తోడైతే ఇంకాస్త ముందుకి జరుగుతుంది. మగపిల్లల్లో ఇంత సూటిగా ఉండదు. బాగా లావున్న కొందరికి ఆలస్యం కూడా అవుతుంది.

ఆడపిల్లకి 8, మగపిల్లాడికి 9 నిండకముందే మొదలైతే తప్పకుండా చూపించాలంటారు. మీ పాపకి ఇంకా ఎనిమిది నిండలేదు కాబట్టి ఆలస్యం చేయకండి. ఎడమ చేతి మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చూస్తారు, రక్తంలో ఎల్‌హెచ్ అనే యుక్తవయసు హార్మోన్ ఎంతుందో చూస్తారు. ఎముకలు బాగా ముందుకెళ్లిపోతే ఇప్పుడు క్లాసులో అందరికన్నా పొడుగున్న పిల్ల తర్వాత పొట్టిగా ఆగిపోతుంది. అవసరమైతే నెలకో, మూడు నెలలకో ఇంజెక్షన్‌తో ఆపుతారు.

మాకు ఇంజెక్షన్ దాకా రాలేదు. మార్పు నెమ్మదిగా ఉంది కాబట్టి మూడు నెలలకోసారి ఎత్తు, బరువు కొలిచి పంపేవారు. పిల్లని పస్తులుంచొద్దు, బరువు అక్కడే ఉంచి ఎత్తు పెరగనివ్వమన్నారు. స్కూల్ నుంచి రాగానే తాగే జ్యూస్ ప్యాకెట్లు, బిస్కెట్లు మానిపించి సాయంత్రం గంట ఆడుకోమని వదిలేశాం. అన్నం తగ్గించలేదు. పదకొండేళ్ల రెండో నెలలో పెద్దమనిషి అయింది, అచ్చం నాలాగే. బరువు అదుపులో పెట్టకపోతే ఇంకా ముందే అయ్యేదేమో.

ఆ రెండేళ్లూ మా అత్తగారు నువ్వులు వేడి అని చిమ్మిలి ముట్టనివ్వలేదు. ఆ రోజు మాత్రం ఆవిడే దంచి ముద్దలు చేసి పెట్టారు, పాప మూడు తినేసింది.