ముందు ట్రైపాడ్ చూసుకో

చిరంజీవి సంధ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఆరుద్ర కార్తెలో మన చెలకల్లో తిరిగే ఆరుద్ర పురుగులను దగ్గరగా ఫోటోలు తీయాలని, దాచుకున్న డబ్బంతా కెమెరాకే పెట్టబోతున్నావని మీ అమ్మ చెప్పింది. విన్నప్పటి నుంచి గర్వంగానూ ఉంది, గాభరాగానూ ఉంది.

కెమెరా సంగతి తొందరగానే తేలుతుంది. లెన్సు మార్చుకునే వీలుండి, వెనక తెర పైకి తిరిగితే చాలు. 24 మెగాపిక్సెళ్లు నీ పనికి ధారాళంగా సరిపోతాయి. లెన్సు మాత్రం 1:1 వరకు వెళ్లే మాక్రో, అంటే పురుగు బొమ్మ కెమెరా లోపలి సెన్సారు మీద దాని అసలు సైజులోనే పడేట్టు దగ్గరగా తీసేది, ఫోకల్ లెంగ్త్ 100 మిల్లీమీటర్లకు అటూఇటూగా ఉన్నది తీసుకో. అంతకన్నా తక్కువదైతే బాగా దగ్గరికి వెళ్లాల్సి వచ్చి, పురుగు మీద నీ నీడే పడుతుంది.

ట్రైపాడ్‌కు, అంటే కెమెరాను నిలబెట్టే మూడు కాళ్ల స్టాండుకు, డబ్బు ముందే తీసి ఉంచుకో. నువ్వు పసిపిల్లగా ఉన్నప్పుడు మీ నాన్న ఖరీదైన కెమెరా కొని, చేతిలో మిగిలిన చిల్లరతో ఒక తేలికపాటి ట్రైపాడ్ తెచ్చాడు. అది మోకాలెత్తు కంటే కిందికి దిగేది కాదు. గడ్డిపూల కోసం మధ్య కడ్డీని తలకిందులుగా బిగించి, కెమెరాను దానికి వేలాడదీసేవాడు. చిన్న తెర మీద అన్నీ బాగున్నట్టే కనిపించేవి. ఇంటికి వచ్చి కంప్యూటర్లో పెద్దవి చేసి చూస్తే ప్రతి రేకు అంచూ రెండు గీతలుగా చీలి ఉండేది. లెన్సు చెడిపోయిందనుకుని అమ్మేసి ఇంకొకటి కొన్నాడు, అదీ అంతే. ఆ కడ్డీ వణుకుతోందని ఎంత చెప్పినా వినకుండా, చివరికి కెమెరానే అటక మీద పెట్టేశాడు. మంచి చెయ్యి వాడిది, నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

1:1 దగ్గర లెన్సు కంతను ఎఫ్/11 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటరుకు అటూఇటూ మాత్రమే, పైగా పురుగుతో పాటు వణుకు కూడా పెద్దదవుతుంది. అందుకే కాళ్లు విడివిడిగా నేలబారుగా విచ్చుకునే ట్రైపాడ్‌నే ఎంచుకో. దుకాణంలోనే నీ కెమెరా బిగించి, తెర మీద బొమ్మను పెద్దది చేసి, లెన్సు కొసను వేలితో మెల్లగా తట్టు. బొమ్మ వెంటనే నిలబడితే కొను, ఊగుతూనే ఉంటే దాని ధర ఎంత తక్కువైనా వదిలెయ్యి. ట్రైపాడ్ మీద ఫోటో తీసేటప్పుడు చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ ఆపి, 2 సెకన్ల టైమర్ వాడు. పురుగును తాకితే కాళ్లు ముడుచుకుంటుంది కాబట్టి, అది తనంతట తాను ఆగేదాకా ఓపిక పట్టు.

తల్లీ, తొలకరికి పాములు కూడా బయటికి వస్తాయి. బూట్లు లేకుండా, కర్రతో గడ్డి కదిలించకుండా నేల మీద పడుకోవద్దు. తడిసిన లెన్సును సంచిలో అలాగే వదిలేస్తే బూజు పడుతుంది. తుడిచి, ఆరబెట్టి, తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టు.

కొనే రోజు ముందుగా చెప్పు, నేనూ దుకాణానికి వస్తాను.

మీ పెదనాన్న