కాస్టిక్ కలిపే ముందు, బిడ్డా

బిడ్డా,

దేవరకొండల సబ్బుల పని మొదలుపెడుతున్నవని మీ నాయిన ఫోన్ల చెప్పిండు. సంతోషమైంది. సంఘం అప్పు తీసుకొని సొంతంగ నిలబడాలనుకోవడం చిన్న సంగతి కాదు. కానీ వంటింట్లనే కాస్టిక్ సోడా, అంటే నూనెను సబ్బు చేసే ఘాటైన క్షారం, కలుపుతవని, అక్కడ్నే పిల్లగాడు ఆడుకుంటడని విన్నప్పటి నుంచి మనసు నిమ్మళంగ లేదు.

నూనెల లెక్క నీకు తెల్సిందే. కొబ్బరినూనె 700 గ్రాములు, పల్లినూనె 200, ఆముదం 100 అయితే కాస్టిక్ 160 గ్రాములు, నీళ్లు 320 గ్రాములు. అన్నీ తూకమెయ్యి, గ్లాసు కొలతలు వద్దు. బోరు నీళ్లు వాడకు, మన దిక్కు అవి చాలా ఉప్పగ ఉంటయి. డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో.

ఇగ నా భయమంతా ఒక్క దగ్గర్నే ఉన్నది. కాస్టిక్ మీద నీళ్లు పోసే తప్పు. కొత్తగ చేసేటోళ్లు ఎక్కువగ చేసేది ఇదే. దసరాకు ఇండ్లకు సున్నం ఏసే రోజులల్ల కుండల కాల్చిన సున్నపురాళ్లు ఏసి పైనుంచి నీళ్లు పోసేటోళ్లు. కుతకుత ఉడికి, ఆవిరి లేచి, రాళ్లు పగిలి పిండయ్యేవి. పిల్లలంతా దూరం నిలబడి చూసేటోళ్లు. ఆ చిందులు కండ్లల్ల పడ్డోళ్లు కూడా మన ఊళ్లల్ల ఉన్నరు. పెద్దల చేతులకున్న ఆ అలవాటే మనకూ వస్తది.

40 గ్రాముల కాస్టిక్ ఎక్కువ నీళ్లల్ల కరిగితే సుమారు 44 కిలోజౌళ్ల వేడి బయటికొస్తది. నువ్వు వాడేది దానికి నాలుగింతలు. కాస్టిక్ గింజల మీద కొన్ని నీళ్లు పోస్తే, ఆ వేడంతా ఆ కొన్ని నీళ్లకే ఎక్కుతది. అవి ఒక్కసారి మరిగి, కాస్టిక్‌ను మోసుకొని ముఖం మీదికి ఎగురుతయి. కింద గింజలు అతుక్కొని గడ్డ కడ్తయి. గరిటెతో ఆ గడ్డ పొడిస్తే దాని కింద ఆగిన వేడి మళ్లీ చిమ్ముతది. అందుకే ముందు నీళ్లు, తర్వాత కాస్టిక్. చెంచా చెంచా ఏసుకుంట, ఆపకుండ కలుపు. అట్ల చేసినా నీళ్లు చూస్తుండంగనే 80 డిగ్రీలు దాటుతయి. ఆవిరి గొంతుల గుచ్చుతది, తలుపులు తీసిపెట్టు, గిన్నె మీదికి వంగకు.

ఎండాకాలం చేస్తే సగం నీళ్లకు బదులు ఐసు ముక్కలు తూకమేసి వాడు. 160 గ్రాముల ఐసు కరగడానికే 53 కిలోజౌళ్లు తీసుకుంటది, అంటే వచ్చే వేడిల ఇంచుమించు మూడో వంతు. పాలమూరు, నల్లగొండ మే ఎండలల్ల ఇంతకంటె మంచి ఉపాయం లేదు.

సిల్వరు గిన్నె, అంటే అల్యూమినియంది, ముట్టుకోకు. కాస్టిక్ అల్యూమినియాన్ని తింటది, వేడెక్కుతది, మండే హైడ్రోజన్ వాయువు లేస్తది. గాజు గిన్నె ఆ వేడికి పగలొచ్చు. స్టీలుది వాడు. కండ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు లేకుండ డబ్బా మూత తియ్యొద్దు. ఈ మాట మీద కోపం తెచ్చుకున్నా సరే, చెప్పకుండ ఉండలేను.

చెయ్యి మీద పడితే నిమ్మరసం, వెనిగర్ పూయమని ఎవరన్నా చెప్తరు. వినకు. క్షారం, ఆమ్లం కలిసినప్పుడు మళ్లీ వేడే పుడ్తది, కాలిన చోటనే ఇంకా కాలుతది. పారే నీళ్ల కింద 20 నిమిషాలు కడుగు. కంట్ల పడితే కడుక్కుంటనే దవాఖానకు పో.

కాస్టిక్ నీళ్లు, నూనెలు రెండూ 40 డిగ్రీల దగ్గరికొచ్చినంక కలుపు. చల్లారడానికి గిన్నెను చన్నీళ్ల టబ్బుల పెట్టు. అచ్చుల పోసినంక పని అయిపోయిందనుకోకు, సబ్బు అయ్యేటప్పుడు కూడా వేడి పుడ్తనే ఉంటది. చలికాలం గొంగడి కప్పితే మంచిదే. ఎండాకాలం కప్పితే, అందుల తేనె, బెల్లం, పాలు ఉంటే, నడిమిట్ల ఉబ్బి పగిలి పొంగుతది. అప్పుడు అచ్చును తెరిచి ఫ్యాన్ కింద పెట్టు. ఒకరోజు ఆగి కోసి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనియ్యి. ఆశపడి ముందే అమ్మకు.

కాస్టిక్ మిగిలితే నీళ్ల సీసాలల్ల పోసి పెట్టకు బిడ్డా, పిల్లగాడు దాహమైతే ఎత్తుకొని తాగుతడు. గట్టి మూత డబ్బాల, పేరు రాసి, అటక మీద తాళమేసి పెట్టు.

మొదటిసారి కలిపే ముందు నీ నూనెల తూకాలు రాసి పంపు. కాస్టిక్ లెక్క నేను ఒకసారి చూస్త.

మీ పెద్దనాయిన