నాన్నా, నేనూ తాతయ్యలాగే పోతానా?

ప్రశ్న: మా నాన్న 42 ఏళ్లకే గుండెపోటుతో పోయారు. నాకు 37కే స్టెంట్ వేశారు. ఇప్పుడు పదేళ్ల మా అమ్మాయికి ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 218. వంశపారంపర్య కొలెస్ట్రాల్ అన్నారు, మాత్ర మొదలుపెట్టమన్నారు. నా వల్లే కదా అని నిద్ర పట్టడం లేదు. నా భార్య ఏమీ అనదు గానీ, పాప తింటున్నంతసేపూ కంచంలోకే చూస్తుంది. మొన్న పాప, ‘నేనూ తాతయ్యలాగే పోతానా?’ అంది. జవాబు చెప్పలేక లేచి వెళ్లిపోయాను. ఆరేళ్ల బాబుకు పరీక్ష చేయించాలంటే భయం.
– ఓ తండ్రి

జవాబు: మీ బాధ సంగతి తర్వాత. ముందు పాపకు జవాబు కావాలి. మీరు లేచి వెళ్లిపోయారంటే ‘అవును’ అనే అనుకుని ఉంటుంది. ఈరోజే చెప్పండి: ‘తాతయ్యకు ఈ జబ్బుందని ఎవరికీ తెలీదు, మందు వేసుకోలేదు. నీకు చిన్నప్పుడే తెలిసింది, మందుంది.’ ఇది ఊరడింపు మాట కాదు. నెదర్లాండ్స్‌లో ఇలాంటి పిల్లలకు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) ఇచ్చి 20 ఏళ్లు గమనించారు. 2019లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 39 ఏళ్లలోపు గుండె జబ్బు బారిన పడినవారు వాళ్లలో 1 శాతమే. అదే జబ్బున్న వాళ్ల అమ్మానాన్నల్లో 26 శాతం.

మీ భార్యకూ ఒక మాట చెప్పాలి. పాప తిన్నదాని వల్ల ఇది రాలేదు. రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లివర్ సరిగా తీసేయలేకపోవడం పుట్టుకతోనే ఉంది. కొవ్వు తగ్గించి తినడం మంచిదే, కానీ ఒక్క తిండితో ఈ అంకె దిగిరాదు. వంట ఇంటిల్లిపాదికీ ఒకటే చేయండి. పాపకు వేరే గిన్నె పెట్టారా, రోజూ ‘నువ్వు రోగివి’ అని గుర్తుచేసినట్టే. మాత్ర మీరూ పాపా ఒకే వేళకు వేసుకోండి. అలా చేసే ఇళ్లలో పిల్లలు పేచీ పెట్టడం తక్కువని నేను గమనించాను.

ఇక మీ అపరాధ భావం. జన్యువు మిమ్మల్ని అడిగి వెళ్లలేదు. అదే మీకూ మీ నాన్న నుంచి వచ్చి ఉంటుంది. ఆయన మీద మీకు కోపం ఉందా? లేదనే అనుకుంటున్నాను.

బాబుకు వచ్చే అవకాశం సగానికి సగం. రాకపోతే ఈ టెన్షన్ ఉండదు. వచ్చినా మాత్ర సాధారణంగా 8 నుంచి 10 ఏళ్ల మధ్య మొదలుపెడతారు కాబట్టి డాక్టర్‌తో మాట్లాడుకోవడానికి టైమ్ ఉంటుంది. మామూలు రక్తపరీక్షే. వాయిదా వేయకండి. మీకు తోబుట్టువులుంటే వాళ్లకూ ఫోన్ చేసి పరీక్ష చేయించుకోమనండి.