యుద్ధం ఎక్కడో.. నిద్ర పట్టనిది నాకు!

ప్రశ్న: నా వయసు 46. కొన్నేళ్లుగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ వాడుతున్నాను. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైనప్పటి నుంచీ ఆ వార్తలు వదలకుండా చూస్తున్నాను. అక్కడ మావాళ్లు ఎవరూ లేరు. మొదట్లో ఆసక్తి కొద్దీ చూసేవాణ్ని, ఇప్పుడు మానలేకపోతున్నాను. టెలిగ్రామ్‌లో ఏడెనిమిది ఛానళ్లు, యుద్ధ పటాలు, డ్రోన్ వీడియోలు. అక్కడి వైమానిక దాడుల హెచ్చరిక యాప్ కూడా ఫోన్‌లో పెట్టుకున్నాను. రాత్రి మూడింటికి మెలకువ వస్తుంది, ఫోన్ తీస్తాను, ఇక నిద్ర పట్టదు. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఇంట్లోవాళ్ల మీద విసుగు. మొన్న బీపీ 152/96 ఉంది. ఒక స్నేహితుడు ఇచ్చిన అల్ప్రాజోలం (ఆందోళన తగ్గించే మాత్ర) వారానికి రెండు మూడుసార్లు వేసుకుంటున్నాను. నాకు పీటీఎస్‌డీ (ఘోరమైన సంఘటన తర్వాత మనసును పట్టి పీడించే జబ్బు) వచ్చిందా? అణు ప్రమాదం జరిగితే పనికొస్తాయని అయోడిన్ మాత్రలు ముందే తెచ్చిపెట్టుకోవాలా? మా ఎనిమిదేళ్ల పాప ‘బాంబు మన మీద కూడా పడుతుందా’ అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు.
- ఓ పాఠకుడు

జవాబు: ముందు బీపీ సంగతి చూద్దాం. యుద్ధం సంగతి ఆ తర్వాత.

152/96 అనేది ఎప్పుడు చూసిన రీడింగో మీరు రాయలేదు. నిద్ర లేని రాత్రి గడిపి, చేతిలో ఫోన్ పట్టుకుని చూస్తే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. ఆ ఒక్క అంకెను పట్టుకుని మాత్ర డోసు మీరే పెంచుకోకండి. వారం రోజులు ఉదయం, సాయంత్రం ఇంట్లో చూసి రాసుకోండి. అంతకు అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడండి. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావాటి సగటు తీయండి. అది 135/85 దాటితే మందు మార్చాలా వద్దా అన్నది మీ డాక్టర్ తేలుస్తారు. ఇంకొక అనుమానం. రాత్రంతా మేలుకుని పగలు ఎప్పుడో లేచేవాళ్లు బీపీ మాత్ర మరిచిపోవడం నేను తరచూ చూస్తుంటాను. మీ మాత్రల స్ట్రిప్ ఒకసారి లెక్కపెట్టి చూసుకోండి.

ఛాతీలో నొప్పి లేదా బరువు, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా అంకెలతో పని లేదు. వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

గుండె దడ, చెమట, నిద్రలేమి, విసుగు.. ఇవన్నీ టెన్షన్‌లో వస్తాయి, నిజమే. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా అచ్చం ఇలాగే ఉంటుంది. కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష, ఒక ఈసీజీ చేయించండి. అన్నిటికీ వార్తలే కారణమని ముందే తీర్మానించుకోవద్దు.

అల్ప్రాజోలం ఆపాల్సిందే. అది డాక్టర్ రాస్తేనే వాడాల్సిన మందు, త్వరగా అలవాటు పడుతుంది. మద్యంతో కలిస్తే ఊపిరికే ముప్పు. అయితే మీరు రాసినదానికంటే ఎక్కువగా, ఇంచుమించు రోజూ వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా మానకండి. మూర్ఛలు వచ్చే ప్రమాదం ఉంది. డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి.

ఇక యుద్ధం. ‘అక్కడ మావాళ్లు ఎవరూ లేరు’ అని సంజాయిషీలా రాశారు. ఆ అవసరం లేదు. యుద్ధం మొదలైన రోజుల్లో 17 ఐరోపా దేశాల్లో సుమారు 1300 మంది మనఃస్థితిని గమనించిన అధ్యయనం ఒకటి 2024లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చింది. దాడి మొదలైన ఫిబ్రవరి 24న వాళ్ల మనఃస్థితి సగటున బాగా దిగజారింది. వాళ్ల ఇళ్ల మీద బాంబులేమీ పడలేదు. సోషల్ మీడియాలో యుద్ధం ఎక్కువగా నడిచిన రోజుల్లో ఆ కుంగుబాటు మరింత ఎక్కువగా ఉంది. అంతకుముందు 2013లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలినప్పుడు అమెరికా పరిశోధకులు చూసింది ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ తర్వాతి వారంలో రోజుకు ఆరు గంటలు, అంతకన్నా ఎక్కువ ఆ వార్తలే చూసినవారిలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు, పేలుళ్లను నేరుగా ఎదుర్కొన్నవారిలో కంటే ఎక్కువగా కనిపించాయి. దీన్ని మరీ సాగదీయకూడదు. కంగారు పడే స్వభావం ఉన్నవాళ్లే ఎక్కువగా చూస్తారన్నదీ నిజం. కంగారు వల్ల చూడటం, చూసి మరింత కంగారు పడటం, రెండూ కలిసే నడుస్తాయి.

మూడింటికే ఎందుకు మెలకువ వస్తోందో ఆలోచించారా? ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లో అర్ధరాత్రి అయ్యేసరికి మన గడియారంలో వాళ్ల వేసవిలో రెండున్నర, చలికాలంలో మూడున్నర అవుతుంది. డ్రోన్లు, క్షిపణులు ఎక్కువగా వచ్చేది రాత్రిపూటే. ఆ వేళకి ఫోన్ మోగీ మోగీ, ఇప్పుడు మోగకపోయినా లేచేలా మీ ఒళ్లు తయారై ఉంటుంది.

ఆ యాప్ సంగతే తీసుకోండి. అందులో ముప్పు మొదలైందని సైరన్ మోగినట్టే, ముప్పు తొలగిందని కూడా వస్తుంది. కీవ్‌లో ఉన్న మనిషి సైరన్ వినగానే పిల్లల్ని తీసుకుని షెల్టర్‌లోకి వెళ్తాడు. ముప్పు తొలగిందనగానే తిరిగొచ్చి పడుకుంటాడు. అతని కష్టం మీ కష్టం కంటే ఎన్నో రెట్లు పెద్దది. అయినా భయం పుట్టినప్పుడు అతనికి చేయడానికి ఒక పని ఉంది. మీ ఒంట్లోనూ అదే అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె అలాగే కొట్టుకుంటుంది. మీరు పరిగెత్తేది లేదు, దాక్కునేది లేదు. ముప్పు తొలగిందన్న కబురు వచ్చేసరికి మీరు ఇంకో ఛానల్‌లో ఇంకో ఊరి వీడియో చూస్తుంటారు. అది నిజమైనదో కాదో కూడా తెలియదు. ఈ యుద్ధం పేరుతో తిరిగిన వీడియోల్లో కొన్ని ‘అర్మా 3’ అనే వీడియో గేమ్‌లోవి. గుండె దడకు ఆ తేడా తెలియదు కదా.

వార్తలు పూర్తిగా మానేయమని నేను చెప్పను. అలా చెబితే ఎవరూ వినరు, నేనైనా వినను. ఈ రోజే ఆ యాప్ తీసేయండి. అది అక్కడ బతుకుతున్నవాళ్ల కోసం పెట్టింది. ఛానళ్లలో ఒకటి ఉంచుకుని మిగతావాటి నుంచి బయటికి రండి. ఉంచుకున్నదానికి కూడా నోటిఫికేషన్లు ఆపేయండి. రోజుకు ఒక్కసారి, పగటిపూట, ఇరవై నిమిషాలు చాలు. వీడియో చూడటం కాదు, చదవడం. అక్కడ సైన్యాలు ఎదురెదురుగా నిలబడిన గీత నెలల తరబడి కొద్దికొద్దిగానే జరుగుతోంది. వారానికి ఒకసారి పటం చూసినా మీకు తెలియాల్సిందేమీ తప్పిపోదు. మొదటి మూడు నాలుగు రోజులు చెయ్యి ఊరికే ఫోన్ మీదికి పోతుంది, ఏదో జరిగిపోతోందని అనిపిస్తుంది. అప్పుడు లేచి పావుగంట వేగంగా నడవండి. ఒంట్లో పేరుకున్న ఆ ఉద్రేకానికి నడకే మంచి మందు.

రాత్రి ఫోన్ వేరే గదిలో ఉండాలి. అలారానికి మామూలు గడియారం పెట్టుకోండి. మూడింటికి మెలకువ వస్తే టైమ్ చూడకండి. మళ్లీ నిద్ర పట్టేలా లేదనిపిస్తే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చాకే మళ్లీ పడుకోండి. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే వేళకి లేవాలి. ఇది కుదురుకోవడానికి కొన్ని వారాలు పట్టవచ్చు.

పీటీఎస్‌డీ అని నేను అనుకోవడం లేదు. మానసిక జబ్బుల నిర్ధారణకు డాక్టర్లు వాడే అమెరికా గ్రంథం, 2013లో వచ్చిన డీఎస్ఎం-5 ప్రకారం, ఉద్యోగంలో భాగమైతే తప్ప టీవీలో, ఫోన్‌లో దృశ్యాలు చూడటం ఆ జబ్బు నిర్ధారణకు సరిపోదు. అంటే మీ బాధ ఉత్తదని కాదు. అది ఆందోళన, నిద్రలేమి అయి ఉండవచ్చు. రెండింటికీ మంచి చికిత్స ఉంది. పైన చెప్పినవి మూడు నాలుగు వారాలు చేసినా తగ్గకపోతే సైకియాట్రిస్టును కలవండి. దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బతుకు మీద విరక్తి లాంటివి ఉంటే మాత్రం అన్ని రోజులు ఆగొద్దు, ఆ రోజే వెళ్లండి.

అయోడిన్ మాత్రలు వద్దు. 2022 మార్చి 4న ఉక్రెయిన్‌లోని జపోరీజియా అణు విద్యుత్ కేంద్రం దగ్గర పోరు జరిగి మంటలు లేచినప్పుడు ఐరోపాలో చాలామంది వీటికోసం ఎగబడ్డారు. ఆ మాత్రలో ఉండేది పొటాషియం అయోడైడ్. అది చేసే పని ఒక్కటే, రేడియోధార్మిక అయోడిన్ థైరాయిడ్ గ్రంథిలో చేరకుండా అడ్డుకోవడం. మిగతా రేడియేషన్ నుంచి అది కాపాడదు. అది కూడా ప్రమాదానికి కాస్త ముందు లేదా తర్వాతి కొద్ది గంటల్లో, అధికారులు చెప్పినప్పుడు వేసుకుంటేనే ఉపయోగం. ఎక్కువ మేలు పొందేది పిల్లలు, గర్భిణులు. నలభై దాటినవారికి ప్రయోజనం తక్కువ, థైరాయిడ్ అటో ఇటో దెబ్బతినే అవకాశం ఎక్కువ. ఇంకో విషయం చెబితే మీకు కాస్త ఊరట కలగవచ్చు. రియాక్టర్లలో పుట్టే ఆ రేడియోధార్మిక అయోడిన్‌లో ముఖ్యమైన అయోడిన్-131 ఎనిమిది రోజులకోసారి సగానికి తగ్గిపోతుంది. జపోరీజియాలోని ఆరు రియాక్టర్లూ 2022 సెప్టెంబర్ నుంచి కరెంటు తయారు చేయడం లేదు. కాబట్టి వాటిలో ఆ అయోడిన్ ఎప్పుడో దాదాపు లేకుండా పోయింది. అక్కడ వేరే ప్రమాదాలు లేవని కాదు, కానీ వాటికి ఈ మాత్ర మందు కాదు.

పాప ప్రశ్నకు ఉపన్యాసం అక్కర్లేదు. ‘నువ్వేం విన్నావు, ఎక్కడ చూశావు?’ అని ముందు అడగండి. పిల్లలు మనం ఊహించని చోట భయపడుతుంటారు. ఆ తర్వాత ‘అది మనకి చాలా దూరంలో జరుగుతోంది. అక్కడివాళ్లకి కష్టంగా ఉంది, వాళ్లకి సాయం చేసేవాళ్లు కూడా ఉన్నారు. మనం ఇక్కడ బాగానే ఉన్నాం’ అని చెప్పండి. ‘ఏమీ జరగడం లేదు’ అని అబద్ధం చెప్పకండి, తనకి ఈపాటికే తెలుసు. పాప ఉన్న గదిలో ఆ వీడియోలు పెట్టకండి. ఒకే పేలుడు పదిసార్లు చూపిస్తే చిన్న పిల్లలు పది పేలుళ్లు అనుకునే అవకాశం ఉంది.

వారం రీడింగులు, టీఎస్‌హెచ్, ఈసీజీ రిపోర్టులు పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అల్ప్రాజోలం ఎన్ని వేసుకున్నారో తగ్గించకుండా చెప్పండి.