వలయం పడిందని రాసే ముందు

చిరంజీవి శ్రావణికి మాస్టారి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన మాస్ స్పెక్ట్రమూ (అణువుల బరువులను శిఖరాలుగా చూపే పటం) అందాయి. నైసిన్ అనే బ్యాక్టీరియా నిరోధకానికి ముడిరూపమైన నిస్‌ఏ పెప్టైడ్ (అమైనో ఆమ్లాల గొలుసు) నుంచి ఎనిమిది నీటి అణువులు, అంటే 144 డాల్టన్ల బరువు, తగ్గినట్టు చూపే శిఖరం స్పష్టంగా ఉంది. పెప్టైడ్‌ను శుద్ధి చేయడానికి నీవు పడిన శ్రమ అందులో కనిపిస్తోంది. కానీ ఆ శిఖరం పక్కన "అయిదు వలయాలూ పడ్డాయి" అని నీవు రాసుకున్న మాటను ప్రస్తుతానికి కొట్టివేయి. ఆ మాట తప్పని నేను అనడం లేదు. దానికి సాక్ష్యం ఆ కాగితంలో లేదని అంటున్నాను.

పాలను పులియబెట్టే లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియా నైసిన్‌ను తయారుచేసేటప్పుడు రెండు ఎంజైములు పని పంచుకుంటాయి. నిస్‌బి సెరిన్, థ్రియోనిన్‌ల నుంచి నీటిని తొలగించి ఆ చోట ద్విబంధాన్ని మిగులుస్తుంది. నిస్‌సి సిస్టీన్‌లోని గంధకాన్ని ఆ ద్విబంధానికి కలుపుతుంది. వలయం ఏర్పడేది అప్పుడే. మొదటి చర్యలో ఒక్కొక్క నీటి అణువుకు 18 డాల్టన్ల చొప్పున బరువు తగ్గుతుంది. రెండో చర్యలో పెప్టైడ్ లోపలి పరమాణువులే తమలో తాము కొత్తగా కలుసుకుంటాయి గనుక ఏదీ పోదు, ఏదీ చేరదు. అయిదు వలయాలూ పడిన పెప్టైడ్‌కూ, ఒక్కటీ పడని పెప్టైడ్‌కూ తూకంలో తేడా ఉండదు. ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కనుక ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ ఎంజైములు పెప్టైడ్‌ను ఎలా గుర్తుపడతాయని నీవు అడిగిన ప్రశ్న చాలా మంచిది. నిస్‌ఏలో 57 అమైనో ఆమ్లాలు ఉంటే, అందులో మొదటి 23 లీడర్ భాగం, మిగిలిన 34 నైసిన్‌గా మారే కోర్ భాగం. ఎంజైములు ప్రధానంగా పట్టుకునేది లీడర్‌నే, అందులోనూ ఫినైల్‌అలనిన్, ఆస్పరజిన్, ల్యూసిన్, ఆస్పార్టేట్ వరుసగా ఉండే చిన్న ముక్కను. గుంజకు కట్టిన దూడ పలుపు అందినంత మేర తిరిగి మేసినట్టు, లీడర్ ఎంజైముకు కట్టుబడి ఉండగా కోర్ భాగం చర్యాస్థానం ముందుకు కొంతకొంతగా వస్తుందని ఊహించుకో. అందుకే కోర్‌లో నీవు చేసే మార్పులను నిస్‌సి చాలావరకు సహిస్తుంది. లీడర్‌లోని ఆ నాలుగింటిని అలనిన్‌లుగా మారిస్తే మాత్రం పట్టు బలహీనపడి పని దెబ్బతింటుంది. ఆ మార్పు చేసిన పెప్టైడ్‌ను కూడా తప్పకుండా తయారుచేసుకో. వలయం పడటంలో ఎంజైము పట్టుకు ఎంత పాత్ర ఉందో అది చూపుతుంది.

ఇక అసలు పరీక్ష. నైసిన్‌లో సిస్టీన్‌లు అయిదే, వలయాలూ అయిదే. వలయంలో చేరని సిస్టీన్ ఏదైనా మిగిలితే అయొడోఅసిటమైడ్ అనే రసాయనం దాన్ని పట్టుకుని ఒక్కొక్కదానికి 57 డాల్టన్లు చేరుస్తుంది. ఏమీ చేరకపోతే అయిదూ ముడిపడ్డాయని, 114 చేరితే రెండు ఖాళీగా ఉన్నాయని అర్థం. అయొడోఅసిటమైడ్‌ను ఏ రోజుకారోజు కలుపుకుని, గొట్టానికి అల్యూమినియం రేకు చుట్టి చీకట్లో ఉంచు. దానికి ముందు టీసెప్ అనే క్షయకరణ రసాయనంతో డైసల్ఫైడ్‌లను (గంధకాల మధ్య బంధాలను) విడగొట్టడం మరవకు. రెండు సిస్టీన్‌లు ఒకదానితో ఒకటి జతకట్టి ఉంటే అవీ మందును తప్పించుకుని నిన్ను మోసం చేస్తాయి. అయితే టీసెప్, సెరిన్ నుంచి నీరు పోగా మిగిలే డీహైడ్రోఅలనిన్‌కు కూడా అంటుకోగలదు కనుక తక్కువ మోతాదులో, కొద్దిసేపే వాడు. ఈ-కోలై బ్యాక్టీరియాలో నిస్‌బితో మాత్రమే తయారైన పెప్టైడ్‌లో 307 డాల్టన్లు ఎక్కువగా ఉన్న శిఖరం కనిపిస్తే, అది కణంలోని గ్లూటాథయోన్ అనే గంధకమున్న చిన్న పెప్టైడ్ ద్విబంధానికి చేరడం వల్ల కావచ్చు. ఆ భాగాన్ని వేరుచేసి పక్కన పెట్టు.

నా తొలి రోజుల్లో జరిగిన ఒక పొరపాటు చెబుతాను. నీరు తొలగిన పెప్టైడ్‌ను నిస్‌సితో కలిపి, పీహెచ్ 8.5 ఉన్న బఫరులో రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే సిస్టీన్‌లు దాదాపుగా ఖాళీ లేవు. సంతోషంతో నెలల తరబడి ఆ దారినే నడిచాను. చివరికి ఒక రోజు ఎంజైము వేయని గొట్టాన్ని పక్కన పెట్టి చూస్తే, అందులోనూ చాలా సిస్టీన్‌లు ముడిపడి ఉన్నాయి. క్షారత ఎక్కువైతే గంధకం తనంతట తానే ద్విబంధం మీదికి వెళుతుంది. నేను ఎంజైము పని అనుకున్నదానిలో ఎక్కువ భాగం బఫరు పని. అప్పటినుంచి ఎంజైము లేని గొట్టాన్ని పెట్టకుండా నేను ఏ ప్రయోగమూ చేయలేదు. నీవు పీహెచ్‌ను 7 దగ్గర ఉంచి, నిమిషాల లెక్కన నమూనాలు తీసి, తీసిన వెంటనే ఆమ్లంతో చర్యను ఆపు.

2006లో వెలువడిన నిస్‌సి స్ఫటిక నిర్మాణాన్ని ఎదురుగా పెట్టుకుని పనిచేయి. దాని నడుమ ఒక జింకు అయాను ఉంది. దాన్ని 284, 330 స్థానాల్లోని సిస్టీన్‌లు, 331లోని హిస్టిడిన్ పట్టుకుని ఉంటాయి. పెప్టైడ్ సిస్టీన్‌లోని గంధకాన్ని చర్యకు సిద్ధం చేసేది ఆ జింకే. కనుక ఎంజైము శుద్ధి చేసేటప్పుడు లోహ అయాన్లను లాగేసే ఈడీటీఏ లేని ప్రోటియేజ్ నిరోధకాలనే (ప్రోటీన్లను తెంచే ఎంజైములను ఆపేవి) తీసుకో. డబ్బా మీద చిన్న అక్షరాలతో రాసినదాన్ని చదవకుండా మాత్ర వేయవద్దు. 331లోని హిస్టిడిన్‌ను అలనిన్‌గా మార్చిన నిస్‌సిని కూడా తయారుచేస్తే, ప్రోటీన్ ఉన్నా ఉత్ప్రేరణ లేని గొట్టం నీకు దొరుకుతుంది. ఖాళీ బఫరు కంటే అది నమ్మదగిన పోలిక.

ఏ సిస్టీన్ దేనితో కలిసిందో తెలియాలంటే పెప్టైడ్‌ను స్పెక్ట్రోమీటరులోనే ముక్కలు చేయించు. వలయం లోపల బంధం తెగినా ముక్క విడిపోదు కాబట్టి, ముక్కలు రాని ఆ ఖాళీ ప్రాంతాలే వలయాల హద్దులను చూపుతాయి. చివరి రెండు వలయాలు ఒకదానిలో ఒకటి పెనవేసుకుని ఉంటాయి. అక్కడ ఈ పద్ధతి చాలదు, తొందరపడి తేల్చవద్దు. వలయపు కుడి ఎడమల అమరిక (కైరాలిటీ) తెలియడానికి పెప్టైడ్‌ను ఆమ్లంలో ఉడికించి, ప్రామాణిక లాంథియోనిన్‌లతో (గంధకంతో ముడిపడిన అమైనో ఆమ్లాల జతలు) పాటు కైరల్ గ్యాస్ క్రొమటోగ్రఫీకి పంపాలి. అది రెండో నెల పని.

ముందుగా నాలుగు గొట్టాలు పెట్టు: పూర్తి చర్య ఒకటి, ఎంజైము లేనిది ఒకటి, 331 మార్చిన ఎంజైముతో ఒకటి, లీడర్ మార్చిన పెప్టైడ్‌తో ఒకటి. నాలుగింటికీ అయొడోఅసిటమైడ్ వేసి తీసిన స్పెక్ట్రాలను, బాగా రాకపోయినా సరే, ఉన్నవి ఉన్నట్టుగా నాకు పంపు.

ఇట్లు
నీ మాస్టారు