ఎర్రాకుల తోటలు, ఉదయగిరి మెట్లు

ప్రశ్న: అక్టోబరు నెలాఖరులో ఇంగ్లండులో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళుతున్నాను. అక్కడ స్టౌర్‌హెడ్ అనే పాతకాలపు ఎస్టేటులో శరదృతువులో గైడు వెంట నడుస్తూ తోటంతా చూసే ఏర్పాటు ఉంటుందట, నన్ను తీసుకెళతానంటోంది. రాలిపోయే ఆకులను చూడటానికి టికెట్టు కొని మరీ నడవడమేమిటని మావారు నవ్వుతున్నారు. నాకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. వెళ్లమంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. మీవారు కూడా మీతో వస్తుంటే ఆయననూ వెంటబెట్టుకుని వెళ్లండి.

ఆ తోట దానంతటదే పెరిగిన అడవి కాదు. లండనులో బ్యాంకు నడిపిన హోర్ కుటుంబం 1717లో విల్ట్‌షైరులోని ఆ భూమిని కొన్నది. ఆ ఎస్టేటును ఏలినవారిలో రెండో తరం వాడైన హెన్రీ హోర్ 1740ల నుంచి దశాబ్దాల పాటు అక్కడి లోయను తీర్చిదిద్దాడు. ఊటనీటికి అడ్డుకట్ట వేసి చెరువును సృష్టించి, దాని గట్ల వెంబడి రోమన్ పద్ధతిలో చిన్న చిన్న మందిరాలను, రాతి గుహను, వంతెనను కట్టించాడు. చెరువు చుట్టూ నడిచేవారికి ఒక మలుపులో కనబడిన మందిరం తరువాతి మలుపులో చెట్ల వెనక్కి తప్పుకుని, మరికొంత దూరం పోయాక నీటిలో నీడగా మళ్లీ ఎదురయ్యేలా ఆ దారిని అమర్చారు. అందుకే దానిని నడిచే చూడాలి. కూర్చున్న చోటి నుంచి చూస్తే సగం కూడా తెలియదు. ఆకులు రంగు మారే తులిప్ చెట్లు, జపాను మేపుల్ చెట్ల వంటివి తరువాతి తరాల వారు తెచ్చి నాటినవి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఒక్కగానొక్క కొడుకును పోగొట్టుకున్న హోర్ దంపతులు చివరికి 1946లో ఆ ఎస్టేటును నేషనల్ ట్రస్టు అనే సంస్థకు అప్పగించారు. కాబట్టి ఆ టికెట్టు సొమ్ము రాలే ఆకులకు కాదు, మూడు వందల ఏళ్ల శ్రద్ధను ఈనాటికీ నిలబెడుతున్న పనికి చెందుతుందని మీవారితో చెప్పండి.

ఇక మోకాళ్ల సంగతి. చెరువు చుట్టూ దారి మైలు, మైలున్నర ఉంటుంది. అందులో చాలావరకు నడవగలిగినదే కాని, అపోలో మందిరం ఉన్న గుట్ట ఎక్కడం కష్టం, గుహలో మెట్లూ నేలా ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఆ రెండింటినీ వదిలేసినా నడకకు లోటు రాదు. గైడు ఎంత వేగంగా నడిపిస్తారో, దారిలో ఎక్కడెక్కడ కూర్చోవచ్చో ముందే కనుక్కోమని మీ అమ్మాయికి చెప్పండి. తడిసిన ఆకుల మీద చెప్పులు జారతాయి, కనుక అడుగున గట్టి పట్టున్న బూట్లు వేసుకోండి. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారాలను గంట వెనక్కి తిప్పుతారు. ఆ తరువాత సాయంత్రం అయిదు కాకముందే పొద్దుగుంకుతుంది కాబట్టి ఉదయం పూట నడకను ఎంచుకోవడమే మేలు.

మరొక్క జాగ్రత్త. ఇంగ్లండు తోటల్లో ఈ కాలంలో నేల మీద గోధుమరంగు కాయలు రాలి కనబడతాయి. వాటిలో తినదగినది స్వీట్ చెస్ట్‌నట్, తినకూడనిది హార్స్ చెస్ట్‌నట్. మొదటిదాని తొడుగు నిండా సన్నటి ముళ్లు చేయి పెట్టలేనంత ఒత్తుగా ఉంటాయి, లోపలి గింజకు ఒక కొన మొనదేలి ఉంటుంది. రెండోదాని తొడుగు మన ఉమ్మెత్త కాయలా అక్కడక్కడ పొట్టి ముళ్లతో ఉంటుంది, గింజ నున్నగా గుండ్రంగా మెరుస్తుంది. అందంగా ఉన్నది ఆ రెండోదే, విషమూ దానిలోనే ఉంది. పుట్టగొడుగుల జోలికైతే అసలే వెళ్లవద్దు. వాటిలో కొన్ని ప్రాణాలు తీస్తాయి, చూపుతో పోల్చుకోవడం అక్కడివారికే కష్టం.

ప్రశ్న: అక్కడి చెట్ల ఆకులు ఎర్రబడతాయి, పసుపుబడతాయి. మన దగ్గర అదే నెలల్లో చెట్లు పచ్చగా ఎందుకుంటాయి?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: పగలు తగ్గి చలి పెరిగేకొద్దీ అక్కడి చెట్లు ఆకుల్లోని పత్రహరితాన్ని విడగొట్టి, అందులోని నత్రజని వంటి పోషకాలను కొమ్మల్లోకి వెనక్కి తీసుకుంటాయి. ఆకుపచ్చ పోగానే అంతవరకు దాని చాటున ఉన్న పసుపు రంగు బయటపడుతుంది. ఎరుపు మాత్రం ముందునుంచీ ఉన్నది కాదు. ఎండ కాసే పగళ్లు, చల్లటి రాత్రులు వరుసగా వచ్చినప్పుడు ఆకులో మిగిలిన చక్కెర నుంచి కొత్తగా తయారవుతుంది. అందుకే ఒక ఏడు ఎరుపు గాఢంగా ఉంటే మరో ఏడు వెలవెలబోతుంది.

మనకు ఆ నెలల్లో చలి రాదు, వాన వస్తుంది. నీరు దొరికిన చెట్టు ఆకు రాల్చదు. వెలికొండల్లోని చెట్లు ఆకు రాల్చేది ఆ తరువాత, నేల ఎండినప్పుడు. ఎర్రాకును దగ్గరగా చూడాలంటే మన వీధుల్లోని బాదం చెట్టు చాలు. రాలేముందు దాని ఆకు మీద ఈనెల మధ్య ఎరుపు మచ్చలుగా మొదలై అంచుల దాకా పాకడం ఇంటి గుమ్మంలో నిలబడే గమనించవచ్చు.

ప్రశ్న: మా ఉన్నత పాఠశాల పిల్లలను కార్తీకమాసంలో ఉదయగిరి కోటకు తీసుకువెళ్లి, విదేశాల్లో చేసినట్టే తెలిసినవారి చేత వివరం చెప్పిస్తూ నడిపించాలని ఉంది. సాధ్యమేనా?
– ఒక ఉపాధ్యాయుడు, ఆత్మకూరు

జవాబు: మీ ఆలోచన చాలా మంచిది. నెల మాత్రం మార్చుకోమని గట్టిగా కోరుతున్నాను. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర జాతీయ రహదారే తెగిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. వాయుగుండం పట్టిన వారంలో పాకుడెక్కిన రాతిమెట్ల మీదికి పిల్లలను ఎక్కించకూడదు. వానలు వెనకబడ్డాక, సంక్రాంతి సెలవులు ముగిసిన తరువాత వెళ్లండి. అప్పటికి దారి ఆరుతుంది, ఎండ ఇంకా ముదరదు. కార్తీకంలో పిల్లలను బయటికి తీసుకువెళ్లాలన్న మీ కోరికను ఊరికి దగ్గరలో ఉసిరిచెట్టు కింద వనభోజనంతో తీర్చుకోవచ్చు.

మన కోటలకు కొదవ అందం కాదు, చూపించేవారు. పిల్లలు గోడ దగ్గర ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ గోడ ఎవరిని ఆపిందో చెప్పే మనిషి పక్కన ఉండడు. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘకాలం ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని తన రాజధానికి తరలించి, 1515లో హంపిలోని కృష్ణాలయంలో ప్రతిష్ఠ చేయించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. సుమారు మూడు వేల అడుగుల కొండను చుట్టుకున్న కోటను అంతకాలం ఎలా కాచారో, లోపలివారికి తిండీ నీరూ ఎలా అందాయో కొండ కింద నిలబెట్టి పిల్లలనే ఊహించమనండి. జవాబులు వారే వెతుక్కుంటారు, కోనేరు కనబడగానే అరుస్తారు.

కొండపైని మసీదులో పారశీక శాసనాలున్నాయి. ఆ మసీదు కట్టించడంతో పాటు అక్కడ ఒక తోట నాటించిన విషయం కూడా వాటిలో ఉంది. కావలి పాఠకురాలు చూడబోయే తోట కన్నా ముందే మన కొండ మీద ఒకరు తోట వేసి, ఆ సంగతిని రాతి మీద చెక్కించారన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఉర్దూ, పారశీకం చదవగల పెద్దవారిని ఒకరిని వెంట తీసుకువెళితే పిల్లలు ఆ అక్షరాలను వేలితో చూపించి అడుగుతారు. తరువాతి కాలంలో ఉదయగిరి ఒక జాగీరుగా ఉండేది. ఆంగ్లేయులపై కుట్ర చేశాడన్న అభియోగం మీద చివరి జాగీర్దారును 1840 ప్రాంతంలో చెంగల్పట్టుకు పంపివేశారు. ఇవన్నీ ఒక్కరే చెప్పనవసరం లేదు. చరిత్ర మీరు చెప్పండి, చెట్టూ పుట్టా సంగతి ఆ కొండ మీద మేకలు కాసేవారిని అడగండి. ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

అందరూ పైదాకా ఎక్కాలన్న పట్టు పెట్టుకోవద్దు. కింద ఊళ్లోని రంగనాయకుల గుడిని, భౌగోళిక గుర్తింపు పొందిన ఉదయగిరి చెక్క గరిటెల పనిని చూసినా ఒక పూట గడిచిపోతుంది. నర్ది, బిక్కి వంటి కొయ్యను చిన్న ఉలితో తొలుస్తూ చెంచా గుంటను లోతు చేసే తీరు పిల్లలు దగ్గర కూర్చుని చూడదగినది. పనిచేసేవారిని ముందుగా అడిగి, వారి పని చెడని వేళకు వెళ్లండి.

కొండ ఎక్కదలిస్తే అటవీ, పురావస్తు శాఖల స్థానిక అధికారులకు ముందే తెలియజేసి, దారి తెలిసిన ఊరి మనుషులను ఇద్దరిని ముందొకరు వెనుకొకరుగా పెట్టుకోండి. వానల తరువాత గడ్డి నిలువెత్తు పెరిగి పాములు కనబడవు, కనుక పిల్లలకు బూట్లు తప్పనిసరి. కోనేటి గట్ల దగ్గర, విరిగిన గోడల మీద ఎవరినీ నిలబడనివ్వవద్దు. తాగునీరు కింది నుంచే మోసుకెళ్లాలి. తెల్లవారుజామున బయలుదేరి మధ్యాహ్న భోజనానికి కొండ దిగేలా చూసుకుంటే, పొద్దు వాలకముందే ఆత్మకూరు చేరుకుంటారు.